అచ్చుతప్పుల నాణెములు



చిరుగుపడిన చీరెకును, బీటవారిన కుండకును అంగడిలో వెల తగ్గుట లోకధర్మము. నాణెముల విషయమున ఈ ధర్మము సగము మాత్రమే చెల్లును. టంకసాల గోడల లోపల, నాణెము పుట్టుచున్న క్షణమున దానికి సంక్రమించిన వైకల్యము సంగ్రాహకుల దృష్టిలో దాని వెలను పదింతలు, ఒక్కొక్కప్పుడు వేయింతలు పెంచును. అదే నాణెము టంకసాల గడప దాటిన తరువాత బండిచక్రము క్రిందనో, బడిపిల్లవాని మేకుమొనకో చిక్కి పొందిన గాయము ఆ వెలను హరించును. చిక్కేమనగా, ఈ రెండు విధముల వైకల్యములును సామాన్యదృష్టికి ఒక్కతీరుగనే కనబడును: ఒక గీత, ఒక బుడిపె, చెరిగిన ఒక అక్షరము. ఆ గీత అచ్చులో పుట్టినదా, బిళ్ళలో పుట్టినదా, పోటులో పుట్టినదా, లేక బజారులో పుట్టినదా అని నిర్ణయించుట నాణెశాస్త్రమున ఒక ముచ్చటైన శాఖ. ఆ నిర్ణయము చేయు విధమును, దానివలన కలుగు ప్రయోజనమును నేటి ప్రసంగమున మనవి చేయుదును.

నాణెము తయారగు క్రమము స్థూలముగానైన తెలియనిదే దాని దోషములు తెలియవు. మొదట లోహమును కరగి పోసి, రేకుగా సాగదీసి, ఆ రేకునుండి గుండ్రని బిళ్ళలను త్రుంచెదరు. ఆ బిళ్ళలను కొలిమిలో కాచి మెత్తపరచి, వేరొక యంత్రమున దొర్లించి, వాని అంచులను కొంచెము పైకి లేవనెత్తెదరు. మరియొకచోట, చిత్రకారుడు పెద్ద పరిమాణమున మలచిన నమూనాను యంత్రసాహాయ్యమున నాణెమంత చిన్నదిగా ఉక్కుమీదికి దింపి, దానినుండి మూలపు అచ్చును, దాని సంతతిగా పని అచ్చులను ఒత్తి తీయుదురు. పని అచ్చు బొమ్మకు ఒకటి, బొరుసుకు ఒకటి. క్రింది అచ్చుమీద బిళ్ళను నిలిపి, చుట్టును ఉక్కు వలయము నుంచి, పై అచ్చుతో ఒక్క పోటు వేసినచో బొమ్మయు, బొరుసును, అంచు గీట్లును ఒక్కసారిగ ఏర్పడును. హైదరాబాదు సైఫాబాదులో 1903లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన టంకసాలలో జరిగినదియు, 1997లో ఆ పని చర్లపల్లికి తరలిన పిమ్మట అచ్చట జరుగుచున్నదియు స్థూలముగా ఇదే. ఆధునిక యంత్రములు నిమిషమునకు కొన్ని వందల పోట్లు వేయును. అంత వేగమున, అంత బరువు మోయుచు పనిచేయు ఉక్కు అలసి పగులుటయు, పరీక్షకుల కన్నుగప్పి కొన్ని వికలమైన బిళ్ళలు సంచులలో చేరిపోవుటయు వింత కాదు.

ఇందుండియే మన పరీక్షకు మొదటి సూత్రము లభించును. అచ్చుమీద బొమ్మ లోతుగా, తిరుగవేసి చెక్కబడి యుండును. నాణెముమీద అది ఉబ్బెత్తుగా, సూటిగా పడును. అచ్చుమీద ఎక్కడ పల్లమున్నను నాణెముమీద అక్కడ మెట్ట అగును. అచ్చుమీది మెట్ట నాణెముమీద పల్లమగును. సంక్రాంతికి పంచదార చిలుకలు పోయు కొయ్య అచ్చును చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు: అచ్చు రెక్కదగ్గర నెరియ విచ్చినచో పాకము ఆ నెరియలోనికి దిగి, ఆ యేడు పోసిన చిలుకలన్నింటి రెక్కమీదను ఒకే చోట ఒకే సన్నని గట్టు తేలును. ఉక్కు అచ్చు సంగతియు అంతే. అచ్చుదోషము ఎన్నడును ఏకాకి కాదు. ఆ దోషము పుట్టిన తరువాత ఆ అచ్చుతో పడిన నాణెములన్నియు దానిని మోయును. బజారులో తగిలిన గాయము ఏకాకి. ఒక నాణెముమీది గాటు మరియొకదానిమీద అదే చోట, అదే వంపుతో ఉండుట అసంభవము.

ఈ సూత్రమును ప్రయోగించి చూతము. ఒక రూపాయి బిళ్ళను చేతబట్టి, పదింతలు పెద్దది చేయు భూతద్దము క్రింద, దీపపు వెలుతురు ప్రక్కవాటుగా పడునట్లు ఉంచితిమి. ఒకటి అంకె ప్రక్కనుండి బయలుదేరి అంచువరకు ఒక సన్నని రేఖ కనబడినది. దీపము ఎడమవైపున ఉన్నది. రేఖ ఉబ్బెత్తుదైనచో దీపమువైపున మెరుపును, అవతలివైపున నీడయు ఉండును. పల్లమైనచో దీపమువైపు నీడ, అవతలి ఒడ్డున మెరుపు. కన్ను ఒక్కొక్కప్పుడు పల్లమును మెట్టగా భ్రమించును గనుక, నాణెమును సగము చుట్టు త్రిప్పి మరల చూడవలెను. రేఖ ఉబ్బెత్తుదై, కొంచెము వంకరలు పోవుచు, మైదానముమీదను, అనగా బొమ్మలేని చదును తావుమీదను, అక్షరముమీదను ఎడతెగక ప్రాకి అంచును చేరినచో అది అచ్చు పగులు. పల్లముగా నుండి, ఇరు ఒడ్డులను త్రోయబడిన లోహము సన్నగా లేచియున్నచో అది ఏ మేకో గీసిన గీత. అక్షరమునకు ఎదురైనప్పుడు ఆ రేఖ నడచిన తీరును గమనించుట మరింత నిర్ణాయకము. మేకుమొన ఎత్తుననున్న అక్షరపు తలను గీసి, ఆ అక్షరపు గోడ మైదానమును కలియు మూలను అందుకొనలేక దాటిపోవును. పగులు ఆ మూలలోనికిని దిగి, గోడమీదికిని ఎక్కి, విరామము లేక సాగును.

పగులునకు వయస్సు కూడ కలదు. మొదట కేశప్రమాణమున పుట్టి, పోటు పోటునకు పొడవై, వెడల్పై, శాఖలు వేసి, తుదకు అంచుదగ్గర ఒక పెచ్చు ఊడిపోవువరకు పెరుగును. పెచ్చు ఊడిన అచ్చుతో పడిన నాణెమున, అక్షరములు ఉండవలసిన తావున, రూపమేమియు లేని ఉబ్బిన ముద్ద యొకటి అంచునంటి యుండును. దీనిని సంగ్రాహకులు ‘కడ్’ అందురు. ఈ ముద్ద నిజమైనదైనచో, అవతలి ముఖమున సరిగా ఆ తావుననే బొమ్మ మసకబారి యుండును. ఏలయనగా లోహము ఊడిన ఖాళీలోనికి పారిపోవుటచే ఎదుటి అచ్చును నింపుటకు చాలదు. ముద్దను తరువాత అతికించిన మోసగానికి ఈ రెండవ ముఖపు సాక్ష్యము ఎన్నడును తోచదు. అంచున కాక, తొమ్మిదివంటి అంకెల లోపలి చిన్న గదులలో ఉక్కు చిట్లినచో ఆ గది లోహముతో పూడి బుడిపె అగును. ఇట్టి బుడిపెలు మిక్కిలి సామాన్యములు. వానికి వెల స్వల్పము.

బిళ్ళ పడకుండ యంత్రము పోటు వేసినచో ఉక్కునకు ఉక్కు తగులును. అప్పుడు ఒక అచ్చుమీది బొమ్మ రూపురేఖలు రెండవ అచ్చు మైదానముమీద లీలగా పడును. అటుపిమ్మట ఆ జతతో పడు ప్రతి నాణెముమీదను, సింహశీర్షము చెంతనున్న ఖాళీలో, అవతలి ముఖమునకు చెందిన అంకె అంచు తిరుగబడి పొడచూపును. అది ఏ భాగమునకు చెందినదో తేల్చుటకు అవతలి ముఖమును పలుచని కాగితముమీద నకలు తీసి, ఆ కాగితమును బోర్లించి, సరిపెట్టి చూచిన చాలును. గీతలు కుదిరినచో అచ్చుల ఢీయే కారణము, కుదరనిచో మరేదో.

ఈ ఢీ గురుతులను పోగొట్టుటకు పనివారు అచ్చును సానపట్టుదురు. సాన మితిమీరినచో గురుతులతోపాటు బొమ్మయు కొంత పోవును. అమెరికా దేశమున డెన్వరు టంకసాలలో 1937లో పడిన ఐదు సెంట్ల నాణెములు కొన్నింటిమీద అడవిదున్నకు మూడు కాళ్ళే కనబడుటకు ఇట్టి అతిసానయే హేతువు. మూడుకాళ్ళ దున్నకు గిరాకి పుట్టగానే, మామూలు దున్నకు ఒక ముందరికాలు గీకివేసి అమ్ము గడుసరులును పుట్టిరి. కాని అసలైన నాణెముమీద దున్న పొట్ట క్రిందినుండి నేలవరకు సన్నని ఉబ్బెత్తు చుక్కల వరుస యొకటి కలదు. అది అచ్చుమీది గరుకువలన ఏర్పడినది. గీకువాడు లోహమును తీయగలడు గాని, మైదానముమీద లేని చుక్కలను మొలిపింపలేడు.

అచ్చు పగులక, అరుగక, పూడిపోవుటయు కలదు. యంత్రపు చమురు, లోహపు పొడి, ధూళి కలిసి అచ్చు గుంటలలో గట్టిపడినచో ఆ తావున అక్షరము పడదు. మన దేశపు నాణెములలో దీనివలన ఒక భ్రాంతి కలుగుటకు వీలున్నది. సంవత్సరము క్రింద నక్షత్రమున్నచో అది హైదరాబాదు నాణెము, వజ్రాకృతి యున్నచో ముంబయిది, చుక్క యున్నచో నోయిడాది; కలకత్తా టంకసాలకు గుర్తే లేదు. నక్షత్రపు గుంట పూడిన అచ్చుతో పడిన హైదరాబాదు నాణెము, తెలియనివాని పెట్టెలో, కలకత్తా నాణెముగ కూర్చుండును. అమెరికాలో 1922వ సంవత్సరపు సెంట్లు ఒక్క డెన్వరులోనే పడినవి; అయినను డెన్వరు గుర్తైన ‘డి’ లేని 1922 సెంట్లు దొరకుచున్నవి. అచ్చు అరిగి, పూడియుండుటయే దానికి కారణము. ఇట్టిచోట గుర్తును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. చుట్టుప్రక్కల అంకెలును మసకగనున్నవా, గుర్తు ఉండవలసిన తావున దాని లేశమైన మిగిలియున్నదా అని వెదకవలెను. మైదానము గీరుబడియుండి, చుట్టును అంకెలు పదునుగనుండి, గుర్తు మాత్రము మాయమైనచో అది ఎవరో చెరిపినది.

నిజాము రాజ్యపు చార్మినారు నాణెములలో ఇంతకన్న సూక్ష్మమైన ఉదాహరణము కలదు. కట్టడపు నడిమి ద్వారమున, ఏలుచున్న నిజాము పేరిటి అరబ్బీ అక్షరము ఉండును: మహబూబ్ అలీ ఖాన్ నాణెములమీద ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెములమీద ‘ఐన్’. ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడి తొలినాళ్ళ నాణెములు కొన్నింట ఈ ‘ఐన్’ పూర్తిగను, కొన్నింట కొంతమాత్రముగను కనబడును. కురుచదానిని చూచి అచ్చు పూడినదని తొందరపడరాదు; అది వేరుగ చెక్కిన అచ్చు, నాణెముల పట్టికలందు వేరు రకముగనే లెక్కకెక్కినది. పూడిన అక్షరపు అంచులు కరగినట్లు మైదానమున కలిసిపోవును. వేరుగ చెక్కిన అక్షరమునకు, అది ఎంత చిన్నదైనను, అంచులు పదునుగ నిలుచును.

అచ్చుదోషములన్నింటను ప్రఖ్యాతమైనది జంటముద్ర. పూర్వపు పద్ధతిలో పని అచ్చు ఒక్క ఒత్తిడితో తయారగునది కాదు. ఒకసారి ఒత్తిన ఉక్కు బిగిసిపోవును గనుక దానిని మరల కాచి, మెత్తపరచి, మరల ఒత్తవలెను. రెండవ ఒత్తిడి వేళ అచ్చు వెండ్రుకవాసి తిరిగియున్నను అక్షరములు రెండేసి పడును. ఫిలడెల్ఫియా టంకసాలలో 1955లో ఒక సెంటు అచ్చునకు ఇట్లే జరిగినది. దానితో పడిన నాణెములలో 20 వేలకు పైగా జనములోనికి వెళ్ళినవనియు, సిగరెట్టు పెట్టెలమ్ము యంత్రములు ఇచ్చు చిల్లరలో అనేకములు బయటపడినవనియు నాణెచరిత్రకారులు చెప్పుదురు. వానిమీది సంవత్సరమును, పై అక్షరములును భూతద్దము లేకయే రెండుగ కనబడును.

అయితే రెండుగ కనబడినదంతయు జంటముద్ర కాదు. పోటు వేయు వేళ సరిగా బిగియని అచ్చు కదలినచో, అప్పుడే ఏర్పడిన అక్షరమును అది ప్రక్కకు చిదుమును. ఇది పోటుకదలిక, దీనికి వెల లేదు. రెంటికిని భేదము సుస్పష్టము. జంటముద్రలో రెండు అక్షరములును నిండుగ, గుండ్రని మేనితో ఉండును, అక్షరపు కొనలు రెండుగ చీలి, నడుమ చిన్న నొక్కు పడును, అక్షరము వెడల్పగును. పోటుకదలికలో రెండవది అక్షరము కాదు, చదునైన పలుచని మెట్టు. అది అసలు అక్షరమునుండియే చిదుమబడినది గనుక అక్షరము సన్నబడును. లావైనదా, సన్నబడినదా అని ఒక్క ప్రశ్న వేసికొన్నచో నూటికి తొంబదిపాళ్ళు సందేహము తీరును.

ఇక బిళ్ళ దోషములు. రేకు సరిగా ముందుకు జరుగనిచో, త్రుంచు మొన ఇంతకుముందు త్రుంచిన రంధ్రముమీదికి కొంత వచ్చి, బిళ్ళకు ఒక ప్రక్క చంద్రవంక ఆకారమున కొరత పడును. కత్తెరతోగాని ఆకురాయితోగాని ఇట్టి కొరతను ఎవరైనను కల్పింపవచ్చును. కాని నిజమైన కొరతకు ఎదుటి అంచున ఒక సాక్షి ఉండును. బిళ్ళను దొర్లించి అంచు లేవనెత్తునప్పుడు కొరతపడిన ప్రక్క ఒత్తిడి లేకపోవుటచే, దానికి సరిగా ఎదురుగానున్న అంచు కూడ లేవక బలహీనముగ మిగులును. దీనిని బ్లేక్స్‌లీ ప్రభావమందురు. లోహము సరిగా కలియనిచో పొరలు లేచుటయు బిళ్ళ దోషమే. అన్నింటికన్న అరుదైనది పరాయి బిళ్ళ. యుద్ధమునకు రాగి కావలసివచ్చి అమెరికా 1943లో సెంట్లను ఉక్కుతో ముద్రించెను. వెనుకటి రాగి బిళ్ళలు కొన్ని యంత్రములో మిగిలిపోయి, ఆ సంవత్సరపు ముద్రను ధరించినవి. అట్టివి నేడు తెలిసినవి మిక్కిలి కొన్ని మాత్రమే. ఉక్కు సెంటుకు రాగిపూత పూసి అమ్మువాని గుట్టు అయస్కాంతము రట్టు చేయును.

పోటు దోషములు చూచుటకు ఇంపైనవి. బిళ్ళ ప్రక్కకు జరిగినచో బొమ్మ సగము పడి, మిగిలిన సగము నున్నగ నుండును. పడిన నాణెము అచ్చునంటుకొని, దానిక్రిందికి కొత్త బిళ్ళ వచ్చినచో, ఆ బిళ్ళకు ఒక ముఖమున సరియైన బొమ్మయు, రెండవ ముఖమున అంటుకొన్న నాణెపు బొమ్మ లోతుగా, తిరుగబడియు పడును. జతగాని రెండు అచ్చులు కూడుటయు కలదు. బ్రిటను దేశమున 2008లో 20 పెన్నీల నాణెపు నమూనా మారి, సంవత్సరము ఒక ముఖమునుండి రెండవ ముఖమునకు తరలినది. పాత బొమ్మ అచ్చును, కొత్త బొరుసు అచ్చును కూడిన కొన్ని నాణెములమీద సంవత్సరమే లేకపోయెను. అచ్చు తన గూటిలో తిరిగియున్నచో బొమ్మకును బొరుసుకును దిక్కు తప్పును. మన రూపాయిని ప్రక్కకు త్రిప్పినచో రెండు ముఖములును నిలువుగనే ఉండవలెను. అమెరికా నాణెము అట్లు త్రిప్పినచో తలక్రిందగును. అది వారి పద్ధతియే గాని దోషము కాదు.

పద్ధతిని దోషముగ భావించుట పరీక్షకునకు తరచు కలుగు ప్రమాదము. మొగలాయి రూపాయిలమీద లిపి సగమే పడుటకు కారణము బిళ్ళకన్న అచ్చు పెద్దదగుట. నాటి టంకసాలలందు అదియే రివాజు. 1911వ సంవత్సరపు ఐదవ జార్జి రూపాయిమీద, రాజు వస్త్రముపై నున్న పతకములోని ఏనుగు తొండము కురుచయై పందిగా తోచుటచే జనులు ఆక్షేపింపగా, ప్రభుత్వము ఆ నాణెములను వెనుకకు తీసికొని, మరుసటి యేట ఏనుగును సరిదిద్దినది. ‘పంది రూపాయి’ అని పేరుపడిన ఆ నాణెమున అచ్చు పగులలేదు, పోటు తప్పలేదు. తప్పినది చిత్రకారుని కల్పన. మనకాలమున పది రూపాయల నాణెములలో కొన్నింట పది కిరణములు, కొన్నింట పదునైదు కిరణములు ఉండుట చూచి, ఒకటి దొంగనాణెమని మన దుకాణదారులు అనేకులు నిరాకరించిరి. కాలక్రమమున వెలువడిన 14 నమూనాలును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించినది. నమూనాభేదము వేరు, అచ్చుదోషము వేరు.

టంకసాల దాటిన తరువాత కల్పించిన వింతలు నేడు అంగడిలో అసలైనవానికన్న అధికము. రెండు నాణెములను ఇనుపపట్టెడలో బిగించి నొక్కి, ఒకదానిమీద రెండవదాని ముద్ర తెప్పింతురు. అట్టి ముద్ర లోతుగను, తిరుగబడియు ఉండును. దానికి అవతలి ముఖమున బొమ్మ చదునై నలిగియుండును. ఆమ్లములో వేసి పలుచన చేసిన నాణెము తక్కువ తూగును, అక్షరములు కరగినట్లుండును. రెండు ముఖములును బొమ్మయే అయిన నాణెములలో హెచ్చుపాలు రెండు నాణెములను తరచి ఒకదానిలో ఒకటి కూర్చినవి. అంచు లోపలివైపున సన్నని అతుకు కనబడును, మ్రోగించిన బొంగురు పలుకును. పాత నాణెములకు లక్షలిప్పింతుమని రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని ముందుగ రుసుములు గుంజువారిని గూర్చి ఆ బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించినది. రుసుము ముందడుగు కొనుగోలుదారుని నమ్మరాదు.

అయినను బయట తగిలిన గాయమంతయు వ్యర్థమనరాదు. సంగ్రాహకుడు త్రోసివేయు గాయమును చరిత్రకారుడు కొన్నియెడల అక్కున చేర్చుకొనును. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమక వెండి నాణెములలో చక్రవర్తి ముఖముమీద ఉలిగాట్లు పడినవి కలవు. అవి రోము టంకసాలలో పడినవి కావు, పల్లపు గాట్లే ఆ సంగతి చెప్పును. నాసికు సమీపమున జోగళ్‌తెంబిలో 1906లో క్షత్రపరాజైన నహపానుని వెండి నాణెములు 13 వేలకు పైగా బయల్పడినవి. వానిలో సుమారు మూడింట రెండువంతులమీద శాతవాహనరాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యచిహ్నమును, ఉజ్జయినీచిహ్నమును తిరిగి కొట్టించెను. క్రొత్త ముద్ర క్రింద నహపానుని ముక్కు, నొసలు, గ్రీకు లిపి శకలములు నేటికిని కనబడుచున్నవి. ఒక రాజు ఓడి, ఒక రాజు గెలిచిన సంగతి ఆ రెండు ముద్రల పైవరుస క్రిందివరుసలలోనే ఉన్నది. ఇట్లే, మద్రాసు టంకసాలలో 1807, 1808 ప్రాంతమున కుంపిణీవారు వేయించిన అరవరహా వెండి నాణెములమీద గోపురమును, విష్ణుమూర్తియు, మన తెలుగు అక్షరములును ఉండును. కొన్నింట వాని క్రింద స్పెయిను డాలరు జాడలు తొంగిచూచును.

ఇక ప్రయోజనముల మాట. చేతితో అచ్చులు చెక్కిన కాలమున ఏ రెండు అచ్చులును ఒక్కతీరుగ నుండవు. రెండు నాణెములు ఒకే అచ్చున పడినవని నిరూపించినచో అవి ఒకేచోట, సుమారు ఒకే కాలమున పుట్టినవని తేలును. పై అచ్చు సుత్తిదెబ్బలను నేరుగ తినుటచే త్వరగ చెడును. దాగలిలో దిగవేసిన క్రింది అచ్చు దీర్ఘకాలము నిలుచును. ఒక క్రింది అచ్చు మూడు పై అచ్చులతో కూడి పనిచేసినచో, దానిమీది పగులు పెరిగిన క్రమమునుబట్టి ఆ మూడింటిలో ఏది ముందో, ఏది వెనుకో చెప్పవచ్చును. సంవత్సరము వేయు ఆచారము లేని శాతవాహనులవంటి రాజుల నాణెములకు కాలక్రమము నిర్ణయించుటలో ఈ అచ్చుల గొలుసు ఎంతటి ఊతయో ఊహింపుడు. వారి నాణెములమీద పోటు ప్రక్కకు జరిగి రాజు పేరు సగమే పడుట మెండు. ఒకదానిమీద పేరు మొదలు, మరియొకదానిమీద తుది దొరకగా, రెంటిని కూర్చి పండితులు పూర్తి పేరును చదివిరి.

కావున శ్రోతలలో నాణెములపై మక్కువ గలవారికి నా మనవి యిది. చేతికి వింత నాణెము వచ్చినచో, దాని వెలను తలపకముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు: ఇది ఉబ్బెత్తా, పల్లమా? ఇదే మరియొక నాణెముమీద ఇదే చోట కలదా? ఎదుటి ముఖమును, ఎదుటి అంచును ఏమి చెప్పుచున్నవి? బరువు సరియైనదేనా? చింతపండుతో తోమవలదు, బూడిదతో రుద్దవలదు; పగులు జాడ మొదట పోవునది ఆ తోముడులోనే. నాణెమును అంచులు మాత్రమే పట్టుకొనుడు. ఎక్కడ, ఎప్పుడు లభించినదో చిన్న చీటిపై వ్రాసి దానితోనే ఉంచుడు.

పొలము దున్నువేళ నాగలికి కుండెడు నాణెములు తగిలినవారికి మరియొక మాట. 1878వ సంవత్సరపు నిధినిక్షేపముల చట్టము ప్రకారము ఆ సంగతిని కలెక్టరునకు తెలుపవలెను. చట్టభయము అటుంచినను, అచ్చుల గొలుసు తేలుట నాణెములన్నియు ఒక్కచోట నుండి, పోల్చి చూచుటకు వీలున్నప్పుడే. పదిమంది పంచుకొని పది ఊళ్ళకు చేర్చిన నాణెములు విడివిడిగ వెండి తూకమునకో, సీసపు తూకమునకో అమ్ముడుపోవును. ఏ అచ్చు ముందు పగిలినదో, ఏ రాజు ముందేలెనో చెప్పగల సాక్ష్యము ఆ పంపకములోనే నశించును. కుండను కుండగా అప్పగించినవాడు, చరిత్ర చదువనివాడైనను, చరిత్ర వ్రాయుటలో పాలుపంచుకొన్నవాడగును.